ఆట పక్కన నిలబడ్డవాళ్ళు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది రావడం చాలా సంతోషంగా ఉంది. మీలో ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్ళున్నారు, బొమ్మలు వేసేవాళ్ళున్నారు, ఒకరిద్దరు నాటకాలవాళ్ళు కూడా వచ్చారని విన్నాను. నేను మాట్లాడబోయే పనికి వీళ్ళందరూ కావాలి. చేత్తో తయారుచేసిన కంట్రోలర్లతో, అంటే ఆటను నడిపించే పరికరాలతో, ఆడే వీడియో గేమ్‌లను ఒకచోట చేర్చి, జనాన్ని పిలిచి, ఒక సాయంత్రమంతా ఆడించడం. అదీ ఆ పని. దీన్ని క్యూరేట్ చేయడం అంటున్నారు.

ఇదేదో నిన్నమొన్న పుట్టిన సరదా అనుకుంటారు చాలామంది. కానీ కాదు. 1958 అక్టోబరు 18న అమెరికాలో, న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఉన్న బ్రూక్‌హేవెన్ నేషనల్ లేబొరేటరీ సందర్శకుల కోసం తలుపులు తెరిచింది. అణు పరిశోధన జరిగే చోటు అది. ఫొటోలు, కదలని యంత్రాలు చూపించి పంపిస్తే జనానికి ఏం ఆసక్తి ఉంటుందని విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆలోచించారు. అక్కడున్న అనలాగ్ కంప్యూటర్‌కి ఆసిల్లోస్కోప్, అంటే విద్యుత్ సంకేతాలను తెర మీద గీతల్లా చూపించే పరికరం, కలిపి టెన్నిస్ ఆట తయారుచేశారు. తెర ఐదంగుళాలే. ఆడేవాళ్ళిద్దరి చేతుల్లో చెరొక చిన్న పెట్టె, దానికి ఒక నాబ్, ఒక బటన్. నాబ్ తిప్పితే బంతి వెళ్ళే కోణం మారుతుంది, బటన్ నొక్కితే దెబ్బ పడుతుంది. ఆ పెట్టెలు ఏ కంపెనీలోనూ తయారైనవి కావు, అక్కడివాళ్ళే కూర్చుని చేసుకున్నవి. వందలమంది లైన్ కట్టారు. మరుసటి ఏడాది ఇంకొంచెం పెద్ద తెర పెట్టి, చంద్రుడి మీద అయితే బంతి ఎలా ఎగురుతుంది, గురుగ్రహం మీద అయితే ఎలా పడుతుంది అన్నది కూడా ఆడించారు. ఆ తర్వాత అంతా విప్పేసి, ఆ భాగాలను వేరే పనులకు వాడుకున్నారు.

నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఆ లైను. ఐదంగుళాల తెర మీద చుక్క ఎటు పోతోందో నాలుగో వరసలో ఉన్నవాళ్ళకు ఏం కనిపిస్తుంది? వాళ్ళకు కనిపించేది ఆడుతున్నవాళ్ళ భుజాలు, నాబ్ తిప్పే చేతులు, ఓడినప్పుడు పెట్టే ముఖం. వాటిని చూస్తూనే వాళ్ళు అక్కడ నిలబడి ఉంటారని నా నమ్మకం. కాబట్టి ఇలాంటి ప్రదర్శన పెట్టేవాళ్ళు ఆడేవాళ్ళకన్నా ముందు, పక్కన నిలబడి చూసేవాళ్ళ గురించి ఆలోచించాలి. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే.

మామూలు గేమ్‌ప్యాడ్ తీసుకోండి. దాని మీద పదిహేను దాకా బటన్లుంటాయి. చిన్నప్పటి నుంచి అలవాటున్నవాళ్ళ వేళ్ళు వాటంతటవే కదులుతాయి. అలవాటు లేనివాళ్ళకు అది చేతిలో పెడితే టెన్షన్. వెంటనే పక్కవాళ్ళకిచ్చేసి, "మీరు ఆడండమ్మా, నేను చూస్తాలే" అంటారు. మా ఇళ్ళలో అమ్మలు, పిన్నులు అనే మాట ఇది. ఆ మాట అన్నవాళ్ళు మళ్ళీ ఆ బల్ల దగ్గరకు రారు. చేత్తో చేసిన కంట్రోలర్ వాళ్ళను వెనక్కి రప్పిస్తుంది, ఎందుకంటే దాని ముందు అందరూ కొత్తవాళ్ళే. ఇరవై ఏళ్ళుగా గేమ్‌లు ఆడుతున్నవాడికీ, మొదటిసారి ముట్టుకున్న పెద్దావిడకీ అది ఒకేలా వింతగా ఉంటుంది.

రాబిన్ బామ్‌గార్టెన్ చేసిన లైన్ వాబ్లర్ ఇందుకు చక్కని ఉదాహరణ. తలుపు గోడకు కొట్టుకోకుండా కొన్ని దేశాల్లో కింద బిగించే స్ప్రింగ్ ఉంటుంది, కాలు తగిలితే డుర్రుమని ఊగుతుంది. ఆ స్ప్రింగే కంట్రోలర్. దాని కొసన కదలికను పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. తెర లేదు, మీటర్ల పొడవున్న ఎల్ఈడీ స్ట్రిప్, అంటే చిన్న చిన్న లైట్ల పట్టీ, ఒక్కటే ఉంటుంది. అందులో పచ్చ చుక్క మీరు, ఎర్రవి శత్రువులు. స్ప్రింగ్‌ని అటో ఇటో వంచితే చుక్క నడుస్తుంది, వదిలేసి ఊగనిస్తే దాడి చేస్తుంది. ఆటంతా ఒకే గీత మీద. గది అవతలి మూల నుంచి చూసినా పచ్చ చుక్క ఎర్ర చుక్కలోకి పోయి ఆరిపోవడం తెలుస్తుంది. ఎవరూ వివరించక్కర్లేదు. పైగా ఆ స్ట్రిప్‌ని స్తంభానికి చుట్టొచ్చు, గోడ వెంట పాకించొచ్చు, పైకప్పుకు వేలాడదీయొచ్చు. ఏ గదిలో పెడితే ఆ గది ఆకారం తెచ్చుకుంటుంది. ఇలాంటి ఆట దొరికితే క్యూరేటర్‌కి పండగే.

ఇంకో ఉదాహరణ డగ్లస్ విల్సన్ 2011లో చేసిన యోహాన్ సెబాస్టియన్ జౌస్ట్. దీనికీ తెర లేదు. కంట్రోలర్ మాత్రం చేత్తో చేసింది కాదు, కొసన వెలిగే బంతి ఉన్న ప్లేస్టేషన్ మూవ్. బాక్ అనే జర్మన్ స్వరకర్త సంగీతం మెల్లగా వస్తున్నంతసేపూ మీరూ మెల్లగా కదలాలి, చెయ్యి కుదుపుకు గురైతే అవుట్. సంగీతం వేగం పుంజుకుంటే మీరూ విజృంభించొచ్చు. ఎదుటివాడి చేతిని కుదిపెయ్యడమే ఆట. ఆరేడుగురు పెద్ద మనుషులు చెయ్యి చాచి, ఒంటికాలి మీద వంగి, ఒకరి చుట్టూ ఒకరు మెల్లగా తిరుగుతుంటే చుట్టూ వలయం కట్టి నిలబడ్డ జనం ఊపిరి బిగబడతారు. ఈ ఆటకు ఆ వలయమే మైదానం.

ఇలాంటివాటికి మ్యూజియంల కన్నా ముందు పార్టీలు చోటిచ్చాయి. న్యూయార్క్‌లో కునాల్ గుప్తా, సయ్యద్ సలాహుద్దీన్ మొదలుపెట్టిన బేబీకాసిల్స్ అనే బృందం, ఆ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో పాటల కచేరీలు జరిగే ఒక చోట బేస్‌మెంట్లో పుట్టింది. చిన్న బృందాలు చేసిన గేమ్‌లకు వాళ్ళు చేత్తో పెట్టెలు కట్టి, రంగులు వేసి పెట్టేవాళ్ళు. లండన్‌లో వైల్డ్ రంపస్ బృందం డీజేల మధ్య, డాన్స్ మధ్య ఆటలు పెట్టింది. ఆ బృందం స్థాపకుల్లో ఒకరైన మేరీ ఫౌల్స్టన్, తర్వాత అక్కడి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 2018 సెప్టెంబరు నుంచి 2019 ఫిబ్రవరి దాకా జరిగిన వీడియో గేమ్‌ల ప్రదర్శనకు క్యూరేటర్ అయ్యారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గేమ్ తయారీదారుల సదస్సు 2014 నుంచి వింత కంట్రోలర్లకు ప్రత్యేకంగా చోటిస్తోంది. "ముట్టుకోవద్దు" అని బోర్డులు పెట్టే సంస్థలు ముట్టుకోమని పిలవడం నేర్చుకున్నాయంటే, ఆ బేస్‌మెంట్లలో రాత్రిళ్ళు తీగలు అతికించినవాళ్ళ పుణ్యమే.

ఇక ఎంపిక. కంప్యూటర్‌కి తగిలించే మేకీ మేకీ లాంటి చిన్న సర్క్యూట్ బోర్డు 2012లో వచ్చాక అరటిపండునైనా బటన్ చేసేయొచ్చు. ఆర్డుయినో లియొనార్డో అనే ఇంకో బోర్డు కంప్యూటర్‌కి తాను కీబోర్డునని చెప్పుకుంటుంది కాబట్టి పాత గేమ్ దేనికైనా కొత్త కంట్రోలర్ తగిలించొచ్చు. అంత సులువు కాబట్టే గట్టిగా వడపోయాలి. నేను చూసేది ఒకటే: ఈ కంట్రోలర్ తీసేసి కీబోర్డు పెడితే ఆట అలాగే ఉంటుందా? ఉంటే దాన్ని తీసుకోను. అరటిపండు మొదటి నిమిషం నవ్విస్తుంది, ఆ తర్వాత స్పేస్‌బార్ అయిపోతుంది.

అలాగని చూసేవాళ్ళ ఆనందం కోసం ఏదైనా పెట్టేయకూడదు. జర్మనీలో ఫోల్కర్ మొరావె, టిల్మన్ రైఫ్ 2001లో చేసిన పెయిన్‌స్టేషన్ అనే ఆట ఉంది. ఇద్దరూ ఎడమచెయ్యి ఒక పలక మీద పెట్టి ఆడాలి. బంతి తప్పితే వేడి, కరెంటు షాక్, చిన్న కొరడా దెబ్బ. చెయ్యి తీసినవాడు ఓడినట్టు. గొప్ప పని అది, నొప్పినీ పంతాన్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. కానీ చుట్టూ స్నేహితులు అరుస్తుంటే చెయ్యి తీయడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇలాంటి ఆట పెడితే పక్కన మన మనిషి ఉండాలి, గుండె జబ్బులున్నవాళ్ళను ముందే అడగాలి, చెయ్యి తీసినవాళ్ళను గుంపు ఎగతాళి చేయకుండా చూసుకోవాలి.

ప్రదర్శన రాత్రి ఎలా నడుస్తుందో కూడా చెప్పాలి. జాతరలో బెలూన్లు కాల్చే తుపాకీ దగ్గర ఎవరూ నియమాలు చదవరు, ముందువాడిని చూసి నేర్చుకుంటారు. ఇక్కడా అంతే. గోడకు పేజీడు కాగితం అంటించకండి, ఒక వాక్యం చాలు. ఎక్కువ శబ్దం చేసే ఆటను నెమ్మదైన ఆట పక్కన పెట్టొద్దు. ఒక్క బల్ల అయినా చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ళకు అందే ఎత్తులో ఉండాలి.

వస్తువులు పాడవుతాయి. ఇంట్లో నెలలు నడిచింది జనం చేతిలో గంటకే ఊడుతుంది. ఎక్కువగా ఊడేది తీగ, బోర్డును కలిసే చోట. అక్కడ సోల్డరింగ్ మీద, అంటే కరిగించిన లోహంతో వేసే అతుకు మీద, మాత్రమే ఆధారపడకండి, తీగను పెట్టెకు గట్టిగా బిగించి, లాగుడంతా పెట్టె మీద పడేట్టు చూడండి. ఎల్ఈడీ స్ట్రిప్ వాడేవాళ్ళు పవర్ లెక్క వేసుకోండి. మామూలుగా వాడే రకంలో పూర్తి తెలుపు వెలిగితే ఒక్కో ఎల్ఈడీ దాదాపు 60 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, మూడు వందలుంటే 18 ఆంపియర్లు. ఒకవైపు నుంచే కరెంటు ఇస్తే అవతలి కొస ఎర్రబడి మసకబారుతుంది, రెండు వైపులా ఇవ్వండి. చూసేవాళ్ళు అవతలి కొసనే ఉంటారు మరి. ఎలక్ట్రానిక్ విడిభాగాల కోసం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళినప్పుడు బటన్లు, కనెక్టర్లు రెట్టింపు కొనండి.

తయారుచేసినవాళ్ళకు డబ్బివ్వండి. గదికి అద్దె, సౌండ్ సిస్టమ్‌కి అద్దె ఇస్తాం కదా, ఆట తెచ్చినవాళ్ళకు ఆటో ఖర్చులైనా ఇవ్వకుండా "పేరొస్తుంది" అనడం అన్యాయం. మొదటిసారి పెట్టేవాళ్ళకు మూడు ఆటలు చాలు. ప్రతి దాని పక్కనా దాన్ని విప్పి బాగుచేయగలిగిన మనిషి ఒకరుండాలి.

వెనక గదిలో విద్యార్థులు చేసిన రెండు ఆటలున్నాయి. ప్రశ్నలుంటే అక్కడే అడగండి. ఎడమవైపు బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ వేడిగా ఉంది, పిల్లల్ని మాత్రం అటు పోనివ్వకండి.