కైరో రొట్టె, నల్ల సముద్రం గోధుమ

అందరికీ నమస్కారం అండీ. ఇవాళ రొట్టె సంగతి చెప్పుకుందాం, మన రొట్టె కాదు, ఈజిప్టుది. అక్కడ రొట్టెని ఏష్ అంటారు, ఆ మాటకి బతుకు అని కూడా అర్థం, మనం అన్నం పరబ్రహ్మం అంటాం చూడండి, అలాగన్నమాట. గుండ్రంగా ఉంటుంది, పొయ్యిలో కాలేటప్పుడు పూరీలా ఉబ్బుతుంది, లోపలంతా డొల్ల, అందులో ఉడకబెట్టిన చిక్కుడు గింజలు కుక్కుకుని తినేస్తారు. కైరోలో సైకిల్ మీద పోయేవాడు ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో నెత్తి మీద రొట్టెల తడిక పట్టుకుని ఆ ట్రాఫిక్‌లో ఎలా దూరిపోతాడో చూడాల్సిందే!

ఈ రొట్టె రేషన్ మీద ఇస్తారు, దాదాపు 7 కోట్ల మందికి. 1977 జనవరిలో అప్పటి అధ్యక్షుడు సాదాత్ సర్కారు సబ్సిడీలు తీసేస్తామంటే రెండు రోజులు ఊళ్ళు తగలబడ్డాయి, పదుల మంది పోయారు, దెబ్బకి వెనక్కి తీసుకున్నారు. ఆ భయంతోనే కాబోలు, తర్వాత మూడు దశాబ్దాలకి పైగా రొట్టె రేటు 5 పియాస్టర్లే, అంటే వాళ్ళ పౌండులో ఇరవయ్యో వంతు. రేటు ముట్టుకోలేక 2020లో బరువు 110 గ్రాముల నుంచి 90కి దించారు, మన బిస్కెట్ ప్యాకెట్ల టెక్నిక్కే. చివరికి 2024 జూన్‌లో రేటు 20 పియాస్టర్లు చేశారు.

మరి గోధుమ ఏదీ అంటే, నైలు పక్కన సన్నటి పట్టీ తప్ప మిగతాదంతా ఎడారి, జనం 10 కోట్లు దాటారు, అందుకే ఏడాదికి సుమారు 1.2 కోట్ల టన్నులు బయటినుంచే రావాలి. ఒకప్పుడు అలెగ్జాండ్రియా నుంచి రోముకి గోధుమ ఓడలు వెళ్ళిన దేశమండీ ఇది! 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యేనాటికి వాళ్ళు కొనేదాంట్లో 80 శాతం దాకా రష్యా, ఉక్రెయిన్‌లదే, అటు నల్ల సముద్రం ఒడ్డున ఉక్రెయిన్ ఒడెస్సా రేవు మూతపడింది, ఇటు గోధుమ రేటు ఎగిరింది, కొనడానికి డాలర్లు లేవు, మార్చిలో పౌండు విలువ కూడా పడిపోయింది, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి.

అప్పుడు ఇండియా వైపు చూశారు. ఏప్రిల్‌లో మన గోధుమకి ఓకే చెప్పారు, మే 13న ఎండలకి పంట తగ్గి మనమే ఎగుమతి ఆపేశాం. అయినా కాండ్లా రేవులో ఈజిప్టు కోసం ఎక్కిస్తున్న 61,500 టన్నులని మాత్రం వదిలారు. వాళ్ళ దిగుమతి లెక్కలో అది రెండు రోజులకి కూడా చాలదు.