ఇంగ్లీషులో గొడవ మాటలో లేదు, దాని తోకలో ఉంది!

నమస్కారం అండీ! "డిఫరెంట్ దాన్" తప్పు, "డిఫరెంట్ ఫ్రమ్" అనాలి అని ఒకళ్లు, అమెరికాలో అందరూ అదే అంటున్నారు కదా అని ఇంకొకళ్లు. ఈ కొట్లాట మీరంతా చూసే ఉంటారు, మళ్లీ మొదటి నుంచీ చెప్పను. నేను చెప్పేది ఒకటే. ఇంతమంది ఇంత ఆవేశంగా కొట్టుకుంటున్నది అసలు చోటు వదిలేసి! తేడాలకీ తగువులకీ ఇంగ్లీషులో వాడే మాటల బలమంతా వాటి వెనకాల వచ్చే చిన్న ముక్కలో ఉంది. ఫ్రమ్, విత్, టు, ఓవర్, ఫర్... వీటిని తోకలు అందాం. తోక మారితే చాలాచోట్ల అర్థమే మారిపోతుంది. "డిఫరెంట్" దగ్గర మాత్రం ఏ తోక పెట్టినా అర్థం అదే! మరి మనవాళ్ల ఎర్ర సిరా అంతా అక్కడే ఎందుకు ఖర్చవుతోంది?

దాని సంగతి చకచకా తేల్చేద్దాం. "ఫ్రమ్" ఏ దేశంలోనైనా చెల్లుతుంది, పరీక్షలో అదే రాయండి. "టు" ఎక్కువగా బ్రిటన్ వాళ్లది, "దాన్" ఎక్కువగా అమెరికా వాళ్లది. "డిఫర్ ఫ్రమ్" అంటాం కాబట్టి "డిఫరెంట్" పక్కన కూడా "ఫ్రమ్" మాత్రమే ఉండాలన్నది పాత వాదన. అలాగైతే "అకార్డ్ విత్" అంటూ "అకార్డింగ్ టు" ఎలా అంటున్నామండీ? "ఫ్రమ్" తప్ప "టు" రాకూడదనడం ఒట్టి మూఢనమ్మకమని ఇంగ్లీషు పండితుడు ఫౌలర్ 1926లోనే తన వాడుక నిఘంటువులో రాసేశాడు. "దాన్" నిజంగా పనికొచ్చే చోటు కూడా ఒకటుంది. "ది సిటీ ఈజ్ డిఫరెంట్ దాన్ ఇట్ వాజ్ ఇన్ 2014" అన్నారనుకోండి, వెనకాల పూర్తి వాక్యం వచ్చింది. అక్కడ "ఫ్రమ్" పెట్టాలంటే "ఫ్రమ్ వాట్ ఇట్ వాజ్" అని మధ్యలో ఇంకో మాట ఇరికించాలి. అంతే, ఇక దాన్ని వదిలేద్దాం.

ఇప్పుడు అసలు చోటికి రండి. "మై రిపోర్ట్ డిఫర్స్ ఫ్రమ్ యువర్స్" అంటే రెండు కాగితాల్లో ఉన్నది వేరువేరు. అందులో ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. "ఐ డిఫర్ విత్ యు" అంటే మీరు చెప్పింది నేను ఒప్పుకోను. మొదటిది పోలిక, రెండోది ఎదిరింపు! "డిఫర్ ఇన్" అంటే ఏ అంశంలో వేరో చెబుతున్నాం, ధరలోనో, సైజులోనో. "డిఫర్ ఆన్", "డిఫర్ ఓవర్" అంటే ఏ విషయం మీద పడటం లేదో చెబుతున్నాం.

"ఆర్గ్యూ" ఇంకా గట్టి ఉదాహరణ. ఆ మాట వినగానే మనకి కేకలే గుర్తొస్తాయి. "ఆర్గ్యూ విత్" అంటే మనిషితో వాదం, "ఆర్గ్యూ ఓవర్" అంటే దేని మీద వాదమో అది. కానీ "షి ఆర్గ్యూడ్ ఫర్ ఎ బిగ్గర్ టీమ్" అంటే ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు! పెద్ద టీమ్ ఎందుకు కావాలో కారణాలు చెప్పి అడిగింది. "హి ఆర్గ్యూస్ దట్" అని వ్యాసంలో కనిపిస్తే అక్కడ అరుపులేమీ లేవు, ఆయన ఆధారాలతో ప్రతిపాదిస్తున్నాడని అర్థం.

"డిసగ్రీ విత్" దగ్గర ఒక సరదా సంగతి చెప్పి తీరాలి. "ప్రాన్స్ డిసగ్రీ విత్ మీ" అంటారు. రొయ్యలు మన అభిప్రాయాన్ని ఖండించడం కాదు, రొయ్యలు తింటే ఒంటికి పడవు అని! మనం "పడదు" అనే మాటని మనుషులకీ తిండికీ రెండింటికీ వాడుతున్నాం కదా, వాళ్లూ అంతే. ఇలాంటివి చూసినప్పుడు నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇక అసలు తోకే ఉండకూడని మాటలున్నాయి. డిస్కస్, ఆపోజ్, కాంట్రడిక్ట్, కాంటెస్ట్. "డిస్కస్ అబౌట్ ది బడ్జెట్" ఎందుకు వస్తుందంటే తెలుగులో "బడ్జెట్ గురించి చర్చించారు" అంటాం, ఆ "గురించి" వచ్చి కూర్చుంటుంది. "ఆపోజ్ టు ది ప్లాన్" అని కూడా రాస్తుంటారు. "వి ఆపోజ్ ది ప్లాన్" అంటే చాలు. నామవాచకం అయితే తోక వచ్చేస్తుంది, "ఎ డిస్కషన్ అబౌట్ ది బడ్జెట్" బంగారంలా సరైనదే. "ఆపోజ్డ్" విశేషణం, దాని వెనక "టు" కూడా సరైనదే. "ఆబ్జెక్ట్ టు" దగ్గర ఇంకో గుంట ఉంది. "ఐ ఆబ్జెక్ట్ టు పే" అని రాస్తారు. ఈ "టు" క్రియ ముందు వచ్చేది కాదు, తోక! కాబట్టి "ఐ ఆబ్జెక్ట్ టు పేయింగ్".

ఇప్పుడు డబ్బు పోయే చోటు. ఆర్డర్‌లో 48,000, బిల్లులో 52,500. తేడా 4,500. ఏం రాస్తారు? "దేర్ ఈజ్ ఎ డిస్క్రిపెన్సీ బిట్వీన్ ది ఆర్డర్ అండ్ ది ఇన్‌వాయిస్" అని రాయండి. కలవాల్సిన రెండు అంకెలు కలవలేదు, చూసి సరిచేయండి అని. చాలామంది ఇక్కడ "డిస్పారిటీ" పెడతారు. అది జీతాల్లో, అవకాశాల్లో అసమానత ఉంటే వాడే మాట. "వేరియెన్స్" బడ్జెట్‌కీ అసలు ఖర్చుకీ మధ్య తేడా, అకౌంట్స్ వాళ్లది. "వి డిస్ప్యూట్ ది ఇన్‌వాయిస్" అని రాశారా, ఈ బాకీ మేం ఒప్పుకోవడం లేదు అన్నట్టే. ఇక్కడా తోక లేదు చూడండి, సూటిగా బిల్లు మీదే పడుతుంది!

ఆ మాటకి కోర్టులో ఎంత బరువుందో తెలుసా? 2016 దివాలా చట్టం ప్రకారం, ఇప్పుడు బాకీ కోటి రూపాయలకి తగ్గకపోతే, సరుకో సేవో ఇచ్చినవాళ్లు కంపెనీకి డిమాండ్ నోటీసు (దివాలా కేసు వేసే ముందు బాకీ కట్టమని అడిగే నోటీసు) ఇవ్వొచ్చు. "డిస్ప్యూట్" ఉందని చెప్పడానికి కంపెనీకి 10 రోజులు, అది నిజంగా ఉంటే దివాలా కేసు ముందుకెళ్లదు. 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టంలో ఈ తగువు గురించి చెప్పే సెక్షన్‌లో ఉన్న "అండ్" అనే ఒక్క ముక్కని "ఆర్" అని చదివింది! "అండ్" అలాగే ఉంచితే కోర్టులోనో ఆర్బిట్రేషన్‌లోనో (మధ్యవర్తి దగ్గర) కేసు నడుస్తుంటే తప్ప తగువు ఉన్నట్టు లెక్కకి రాదు. "ఆర్" అయింది కాబట్టి కేసు వెయ్యకపోయినా అంతకుముందే నడిచిన తగువు చాలు. 2018లో చట్టంలోనే ఆ ముక్క మార్చేశారు. చిన్న ముక్కల్లోనే బలం ఉందని నేను ఇందాకటి నుంచీ గొంతు చించుకుంటున్నది ఇందుకే!

అయితే నోటీసు చేతికొచ్చాక కొత్తగా పుట్టించిన తగువు చెల్లదు, అంతకుముందే ఉన్నదై ఉండాలి. ఉత్తుత్తి సాకు కూడా పనికిరాదు. కాబట్టి సరుకు బాగాలేక బిల్లే ఒప్పుకోవడం లేదంటే "డిస్ప్యూట్" అన్న మాట పెట్టి, కారణం రాసి, బిల్లు అందిన రోజే మెయిల్ కొట్టండి. అంకె మాత్రమే కలవకపోతే "డిస్క్రిపెన్సీ బిట్వీన్" అని, రెండు అంకెలూ పక్కపక్కన వేసి పంపండి.