ఎదుటివాడు పరుగెత్తని పందెం

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నన్ను పిలిచిన గ్రంథాలయ మిత్రులకు, ఇంత వానలోనూ వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. అధ్యక్షులవారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. వారికి విడిగా దణ్ణం పెట్టుకుంటాను, ఇప్పుడు నేరుగా నవలలోకి వెళ్తాను.

నాకిచ్చిన అంశం యుద్ధకాలపు నవలల్లో కౌమార స్నేహం. కాగితం మీద నాలుగు నవలల పేర్లు రాసుకొచ్చాను. కానీ నా మనసంతా ఒక్కదాని మీదే ఉంది. జాన్ నోల్స్ రాసిన ‘ఎ సెపరేట్ పీస్’. ఈ పూటకి అదొక్కటే మాట్లాడనివ్వండి.

1959లో ముందు లండన్‌లో వచ్చింది, మరుసటి ఏడు అమెరికాలో. నోల్స్ 1926లో పుట్టారు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ అనే బోర్డింగ్ స్కూల్లో చదివారు. సరిగ్గా రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నవలలో డెవన్ అని పేరు పెట్టింది ఆ బడికే.

కథ మొదలయ్యేది 1942 వేసవిలో. జీన్, ఫిన్నీ ఒకే గదిలో ఉంటారు. ఇద్దరికీ పదహారేళ్లు. జీన్ చదువులో ముందు, ఫిన్నీ ఆటల్లో ముందు. నది ఒడ్డున ఒక పెద్ద చెట్టుంటుంది. పైతరగతి కుర్రాళ్లు సైన్యానికి తయారవుతూ దాని కొమ్మ మీంచి నీళ్లలోకి దూకుతుంటారు, రేపు ఓడకి టార్పెడో తగిలితే దూకాలి కదా. అదే ఏడు నవంబరులో అమెరికా సైన్యంలో నిర్బంధంగా చేర్చుకునే వయసును 20 నుంచి 18కి దించింది. అంటే ఈ పిల్లలకి మిగిలింది రెండేళ్లు. ఆ రెండేళ్లలోనే ఆడుకోవాలి, పోట్లాడుకోవాలి, పెద్దవాళ్లయిపోవాలి.

ఆ కొమ్మ మీంచి ఒకరోజు ఫిన్నీ కింద పడతాడు. కాలు నుజ్జవుతుంది. పడేముందు, కొమ్మ మీదే ఉన్న జీన్ మోకాళ్లు వంగాయి, కొమ్మ ఊగింది.

అక్కడి బడుల్లో దశాబ్దాలుగా ఈ నవలను పాఠంగా చెబుతున్నారు. ఎక్కడ చర్చ జరిగినా ఒకటే ప్రశ్న: కావాలని ఊపాడా, పొరపాటున ఊగిందా? నాకు బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే నవలలోనే ఈ ప్రశ్న వేసినవాడు ఒకడున్నాడు, బ్రింకర్ అని. ఒక రాత్రి స్నేహితులందరినీ కూడగట్టి, కోర్టులాగా కూర్చోబెట్టి, సాక్షిని పిలిచి విచారణ జరుపుతాడు. ఫిన్నీ ఆ మాటలు వినలేక లేచి వెళ్లిపోతాడు, పాలరాతి మెట్ల మీద పడి అదే కాలు మళ్లీ విరుగుతుంది. ఎముక సరిచేస్తుండగా మూలుగ రక్తంలో కలిసి, గుండె ఆగి చనిపోతాడు. ప్రాణం తీసిన ప్రశ్న అది. పుస్తకం చేతిలో పట్టుకుని మనమూ అదే అడిగితే ఎలా? దయచేసి ఆలోచించండి.

నేను అడిగేది వేరే. ఆ కొమ్మ ఊగడానికి ఒక్క నిమిషం ముందు జీన్‌కి ఏం తెలిసింది?

దానికి కాస్త వెనక్కి వెళ్లాలి. ఒకరోజు ఈత కొలను దగ్గర వీళ్లిద్దరే ఉంటారు. గోడ మీద వంద గజాల ఈతలో బడి రికార్డు, దాన్ని సాధించినవాడి పేరు రాసి ఉంటాయి. ఫిన్నీ చూస్తాడు, నేను కొట్టగలననిపిస్తోంది అంటాడు. గడియారం జీన్ చేతికిచ్చి దూకుతాడు. 0.7 సెకను తేడాతో రికార్డు పోతుంది. జీన్ ఎగిరి గంతేసి, రేపు అందరి ముందూ ఈదు, పేరెక్కిస్తారు అంటాడు. ఫిన్నీ వద్దంటాడు. ఎవరికీ చెప్పొద్దని కూడా అంటాడు. చేయగలనో లేదో చూద్దామనుకున్నాడు, చూశాడు, తువ్వాలు తీసుకున్నాడు. అంతే!

జీన్‌కి అది మింగుడుపడదు. మనందరికీ అలాగే ఉంటుంది. ఇంత పని చేసి చెప్పుకోకుండా ఉండేవాడుంటాడా? ఆ తర్వాత ఒక పరీక్ష పోయేసరికి వాడికి ఒక ఆలోచన తడుతుంది: ఫిన్నీ కావాలనే నా చదువు పాడు చేస్తున్నాడు, వాడికీ నా మీద అసూయే. ఈ ఆలోచన వచ్చాక జీన్‌కి ఎంత హాయిగా ఉంటుందో చూడండి. ఇద్దరం ఒకటే, చెల్లుకి చెల్లు.

ఇక్కడ కాలేజీ పిల్లలు కూర్చున్నారు, మీరు వినండి. అవతలివాడికీ అసూయ ఉందనుకుంటే మన అసూయని మోయడం తేలిక.

ఇంతలో ఒక సాయంత్రం ఫిన్నీ, చెట్టు దగ్గరికి పోదాం రా అంటాడు. చదువుకోవాలని జీన్ కోపంగా అరుస్తాడు. ఫిన్నీ ఆశ్చర్యపోతాడు. నీకు చదవాల్సిన అవసరముందని నాకు తెలియదు, చదువు నీకు దానంతటదే వస్తుందనుకున్నాను, ఉండి చదువుకో అంటాడు. అప్పుడు తెలుస్తుంది జీన్‌కి. అక్కడ పందెమే లేదు, ఇన్నాళ్లూ తనొక్కడే పరుగెత్తాడు. ఆ మనసుతో చెట్టెక్కుతాడు. కొమ్మ ఊగింది అప్పుడు. అసూయతో ఊగిందంటారు అందరూ. అవతల అసూయ లేదని తెలిసినందుకు ఊగిందంటాను నేను.

నాకెలా తెలుసంటారా? చెబుతాను. ఇది కాగితం మీద రాసుకోలేదు.

నాకు పదహారేళ్లప్పుడు ఒక స్నేహితుడు ఉండేవాడు. క్లాసులో వాడో నేనో ఫస్టు. పరీక్షలకు రెండు రోజుల ముందు వచ్చి ఫిజిక్స్ నోట్సు అడిగాడు. జ్వరమొచ్చి రెండు వారాలు రాలేదు వాడు. నోట్సు నా సంచిలోనే ఉంది. గోధుమరంగు అట్ట, చిరిగిన మూల బయటికి కనిపిస్తోంది. సంచిని కాలితో బల్ల కిందికి నెట్టి, ఇంటి దగ్గర మర్చిపోయానురా అన్నాను. వాడు ‘సరేలే’ అని తన చేతిలో ఉన్న కాగితాలు నా ముందు పెట్టాడు. లెక్కల్లో ఒక చాప్టరు నాకు అర్థం కాలేదని ఎప్పుడో అన్నాను. జ్వరంలో కూర్చుని ఆ లెక్కలన్నీ మెట్టు మెట్టుగా రాసుకొచ్చాడు. పెన్సిల్‌తో రాశాడు. చివరి పేజీలో అక్షరాలు వంకర్లు పోయాయి.

అప్పుడు నాకు సిగ్గేసిందని చెబితే అబద్ధం అవుతుంది. కోపమొచ్చింది. నలభై దాటాక ఈ నవల చదివి, ఆ చెట్టు దగ్గరికొచ్చేసరికి పుస్తకం మూసేశాను. ఆ కోపం పేరేమిటో నాకు తెలిసింది ఆ రోజే.

జీన్ కూడా చెప్పేస్తాడు. బోస్టన్ దగ్గర ఫిన్నీ ఇంటికి వెళ్లి, నేనే పడేశానంటాడు. ఫిన్నీ నోరు మూసుకోమంటాడు, వినలేకపోతాడు. చెప్పి తన బరువు దించుకోబోయి వాడిని మళ్లీ గాయపరుస్తున్నానని జీన్‌కి అక్కడే అర్థమవుతుంది. ఇది తెలిసి కూడా నేను ఆరేళ్ల కిందట ఒక పెళ్లిలో మా వాడికి నోట్సు సంగతి చెప్పేశాను. నవ్వేస్తాడనుకున్నాను. వాడి ముఖం మారిపోయింది. ‘ఇప్పుడెందుకు చెప్పావురా?’ అని లేచి వెళ్లిపోయాడు.

నవల చివర ఆస్పత్రి గదిలో ఫిన్నీ తనంతట తనే అడుగుతాడు. అది నా మీద ఎప్పటినుంచో ఉన్న ద్వేషం కాదు కదా, ఆ క్షణంలో ఏదో పట్టుకుంది, అంతే కదా అని. జీన్ అవునంటాడు. ఫిన్నీ నమ్ముతాడు. ఆ మధ్యాహ్నమే చనిపోతాడు.

మా వాడు బాగానే ఉన్నాడు, అదృష్టం. పండక్కి ఫోన్ చేస్తాడు, పిల్లల గురించి మాట్లాడతాడు. ఆ ప్రశ్న మాత్రం ఇంకా అడగలేదు. అడిగితే చెప్పడానికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. సెలవు.