బుల్లి రైలింజిన్‌కి ఏ వైరు వేయాలి? – పాడ్‌కాస్ట్ ఎపిసోడ్

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు మోడల్ రైళ్ల గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ఒక్కటే విషయం, ఇంజిన్ లోపల వేసే సన్న వైరు. మా బాబాయ్ ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసిన రోజుల నుంచి ఎన్ స్కేల్ అనే బుల్లి సైజు ఇంజిన్లు విప్పి డీసీసీ డీకోడర్లు, అంటే పట్టాల నుంచి వచ్చే డిజిటల్ ఆదేశాలు చదివి మోటారునీ లైట్లనీ నడిపే చిన్న సర్క్యూట్లు, పెడుతున్నారు. ఇప్పుడు తార్నాకలో ఉంటున్నారు. బాబాయ్, సూటిగా అడిగేస్తాను. వైరు గురించి ఎపిసోడ్ మొత్తం మాట్లాడేంత ఉందా?

బాబాయ్: ఉందమ్మా. ఏ డీకోడర్ కొనాలో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. కొన్నాక దాన్ని ఇంజిన్లో ఇమిడ్చే దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆగేది వైరు దగ్గరే. ముందు సైజు ఊహించుకో. మన లాలాగూడ షెడ్డు దగ్గర కనిపించే వ్యాప్-7 ఇంజిన్ ఉంది కదా, అసలుది దాదాపు 20.5 మీటర్ల పొడవు. ఎన్ స్కేల్ అంటే అందులో 160వ వంతు. పొడవు 12.8 సెంటీమీటర్లకి వస్తుంది, వెడల్పు రెండు సెంటీమీటర్లు కూడా రాదు. అందులోనే మోటారు, గేర్లు, బరువు కోసం పెట్టే లోహపు దిమ్మ. ఆ దిమ్మకీ ప్లాస్టిక్ బాడీకీ మధ్య చాలాచోట్ల ఒక్క మిల్లీమీటరు సందే మిగులుతుంది. వైర్లన్నీ ఆ సందులోంచే పోవాలి.

హోస్ట్: బ్రిటన్ మోడళ్లు కూడా ఇదే సైజా?

బాబాయ్: కొంచెం తేడా. బ్రిటన్‌లో ఎన్ అంటే 1:148, జపాన్‌లో ఎక్కువగా 1:150. పట్టాల మధ్య దూరం మాత్రం అందరికీ 9 మిల్లీమీటర్లే. మెర్క్లిన్ వాళ్లు 1972లో తెచ్చిన జడ్ స్కేల్ ఇంకా చిన్నది, 1:220. అందులో పట్టాల మధ్య 6.5 మిల్లీమీటర్లే ఉంటుంది.

హోస్ట్: సరే, మరి సన్న వైరు అనగానే అందరికీ వచ్చే భయం, కరెంటు తట్టుకుంటుందా అని.

బాబాయ్: లెక్క చూద్దాం, భయం పోతుంది. వైరు మందాన్ని గేజ్ నంబరుతో చెబుతారు, నంబరు పెరిగితే వైరు సన్నబడుతుంది. అమెరికన్ గేజ్‌లో 36వ నంబరు వైరు, అంటే 36 ఏడబ్ల్యూజీ, రాగి మందం 0.127 మిల్లీమీటర్లు. మీటరుకి 1.36 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ఇంజిన్లో మనం వాడే ముక్క మహా అయితే పది సెంటీమీటర్లు, దాని నిరోధం 0.14 ఓమ్ లోపే. ఎన్ స్కేల్ మోటారు మామూలుగా నడిచేటప్పుడు 0.2 ఆంపియర్ తీసుకుందనుకో. వైరులో పోయే వోల్టేజీ 0.03 వోల్టు కూడా కాదు. పట్టాల మీద 12 వోల్టుల పైనే ఉన్నప్పుడు అదొక లెక్కే కాదు. హెడ్‌లైట్ ఎల్‌ఈడీలైతే కొన్ని మిల్లీఆంపియర్లతోనే వెలుగుతాయి, వాటికి ఇంతకంటే సన్నదైనా చాలు.

హోస్ట్: మరి వైరు ఎంచుకునేటప్పుడు దేన్ని చూడాలి?

బాబాయ్: మెత్తదనాన్ని. నేను చెప్పాలనుకున్నది ఇదే. చిన్న ఇంజిన్లో వైరు ఎంత కరెంటు మోస్తుందన్నది కాదు, ఎంత సులువుగా వంగుతుందన్నది చూడాలి. డీజిల్, ఎలక్ట్రిక్ ఇంజిన్ల కింద చక్రాలుండే ఫ్రేములు రెండుంటాయి, ట్రక్కులంటారు. వంపు రాగానే అవి పక్కకి తిరగాలి. పట్టాల కరెంటు చక్రాల నుంచి పైకి వచ్చే వైర్లు ఆ ట్రక్కులకే అతుక్కుని ఉంటాయి. చిన్న ఇంజిన్ మొత్తం బరువు యాభై గ్రాములు కూడా ఉండదు. అంత తేలిక వస్తువుని బిరుసు వైరు సులువుగా పక్కకి నెట్టేస్తుంది.

హోస్ట్: అంటే పట్టాలు తప్పుతుందా?

బాబాయ్: తప్పొచ్చు. తప్పకపోయినా ఒక చక్రం పట్టా మీద నుంచి వెంట్రుకవాసి లేస్తుంది. అది చాలు. ఇంజిన్ జర్క్ ఇస్తుంది, లైటు మిణుకుమంటుంది, వంపు దాటగానే మళ్లీ బాగానే పోతుంది. చూసేవాళ్లు పట్టాలకి దుమ్ము పట్టిందనుకుని తుడిచిందే తుడుస్తుంటారు. దీనికో పరీక్ష ఉంది. బాడీ తీసేసి ఇంజిన్‌ని తిరగేసి చేతిలో పట్టుకో. ట్రక్కుని వేలి కొసతో ఒక పక్కకి తిప్పి వదిలెయ్. తిప్పినచోటే ఉండిపోతే వైరు సరైనదే. చటుక్కున వెనక్కి వచ్చిందంటే దాన్ని తోస్తున్నది వైరే. రెండో పక్కకి కూడా తిప్పి చూడాలి. ఒక్కోసారి కుడికి బాగానే ఉంటుంది, ఎడమకి తిప్పితే పట్టేస్తుంది.

హోస్ట్: పట్టేస్తే వైరు మార్చాల్సిందేనా?

బాబాయ్: ముందు దారి మార్చి చూడాలి. ట్రక్కు తిరిగే ఇరుసు ఉంటుంది కదా, దాని పక్క నుంచే వైరుని పైకి తెస్తే, ట్రక్కు ఎంత తిరిగినా వైరు కదిలేది కొంచెమే. చివర్నుంచి తెస్తే ఎక్కువ కదలాలి. కొంచెం ఎక్కువ పొడవు వదిలి లూప్‌లా తిప్పాలి. అప్పటికీ తోస్తే వైరు మార్చాలి. ఆవిరి ఇంజిన్లలో అయితే ఇంజిన్‌కీ వెనక బొగ్గు టెండర్‌కీ మధ్య కొన్ని మోడళ్లలో నాలుగు, ఆరు వైర్లు దాటాలి. అక్కడ ఈ సమస్య ఇంకా ఎక్కువ.

హోస్ట్: మెత్తదనం దేన్ని బట్టి వస్తుంది? సన్నదైతే చాలా?

బాబాయ్: మూడింటిని బట్టి వస్తుంది: మందం, పోగులు, పైతొడుగు. సింగిల్ తీగలో మందం సగం చేస్తే వంచడానికి కావాల్సిన బలం 16వ వంతుకి పడిపోతుంది. 30 ఏడబ్ల్యూజీ 0.255 మిల్లీమీటర్లు, 36 ఏడబ్ల్యూజీ సరిగ్గా అందులో సగం. నంబరు ఆరు పెరిగితే మందం సగమవుతుంది, ఆ గేజ్ లెక్కే అంత. ఇక పోగుల సంగతి. అదే రాగిని ఏడు సన్న పోగులుగా చేస్తే, పోగులు ఒకదాని మీద ఒకటి జారుతాయి కాబట్టి బిరుసుదనం ఏడో వంతుకి వస్తుంది. పైగా సింగిల్ తీగని అదే చోట మాటిమాటికీ వంచితే తెగుతుంది. కదిలే చోట పోగుల వైరే వేయాలి, ఇందులో రెండో మాట లేదు.

హోస్ట్: సర్క్యూట్ బోర్డులకి వాడే ఆ రంగురంగుల వైర్‌ర్యాప్ వైరు? అది చాలామంది దగ్గర ఉంటుంది.

బాబాయ్: 30 ఏడబ్ల్యూజీ సింగిల్ తీగ, పైన కైనార్ అనే ప్లాస్టిక్ తొడుగు. మొత్తం మందం అర మిల్లీమీటరు. మంచి వైరే, కానీ కదలని చోటే వాడాలి. వంచితే వంచినట్టే ఉంటుంది. అందుకే బాడీ గోడ వెంబడి, దిమ్మ గాడిలో పెట్టడానికి చక్కగా కుదురుతుంది. ట్రక్కుకి మాత్రం వద్దు. తొడుగు విషయంలో పీవీసీ సోల్డరింగ్ ఐరన్ వేడికి ముడుచుకుపోతుంది. చివర రెండు మిల్లీమీటర్లు ఒలిచానని నువ్వనుకుంటావు, సోల్డర్ పెట్టేసరికి అది నాలుగవుతుంది. రాగి బయటపడి పక్కనున్న లోహానికి తగులుతుంది. టెఫ్లాన్ తొడుగు వేడికి ఏమీ కాదు గానీ కొంచెం బిరుసు. సిలికోన్ తొడుగు వేడికీ ఆగుతుంది, మెత్తగానూ ఉంటుంది, మందమే కాస్త ఎక్కువ. చోటు దొరికితే నేను సిలికోనే వేస్తాను.

హోస్ట్: హైదరాబాద్‌లో దొరుకుతుందా ఇదంతా?

బాబాయ్: కోఠి గుజరాతీ గల్లీలో ఓపిగ్గా నాలుగు కొట్లు తిరగాలి. దొరకనిది ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అయితే ఒక్క జాగ్రత్త. మన దగ్గర మోటార్ వైండింగ్ కొట్లలో తీగని ఎస్‌డబ్ల్యూజీ నంబరుతో అమ్ముతారు. అది బ్రిటిష్ గేజ్. విదేశీ డీకోడర్ పుస్తకంలో ఉండేది అమెరికన్ గేజ్. నంబరు ఒకటే అయినా మందం వేరు. 36 ఎస్‌డబ్ల్యూజీ అంటే 0.193 మిల్లీమీటర్లు, 36 ఏడబ్ల్యూజీ అంటే 0.127. అందుకే కొట్లో నంబరు అడగొద్దు, మిల్లీమీటర్లలో అడుగు. వీలైతే మైక్రోమీటరు పెట్టి కొలవమను.

హోస్ట్: వైండింగ్ తీగ అన్నారు కదా, ఇంజిన్లో అది పనికొస్తుందా?

బాబాయ్: లైట్లకి అంతకంటే మంచిది లేదు! 0402 సైజు ఎల్‌ఈడీ ఎంతుంటుందో తెలుసా? పొడవు ఒక మిల్లీమీటరు, వెడల్పు అర మిల్లీమీటరు. ఆవగింజ కంటే చిన్నది. దానికి తొడుగున్న వైరు అంటిస్తే వైరు బరువుకే ఊడిపోతుంది. వైండింగ్ తీగకి తొడుగు బదులు ఎనామెల్ అనే వార్నిష్ లాంటి పల్చటి పూత ఉంటుంది. 0.1 మిల్లీమీటరు ఎనామెల్ తీగ, అంటే 42 ఎస్‌డబ్ల్యూజీ, రెండు ముక్కలు తీసుకో. ఎనామెల్ ఏ రకమో చూడాలి. పాలీయురేథేన్ ఎనామెల్ అయితే గీకక్కర్లేదు. ఐరన్‌ని 380 డిగ్రీల దాకా వేడి చేసి, మొన మీద చిన్న సోల్డర్ బొట్టు పెట్టి, తీగ చివర అందులో రెండు క్షణాలు ముంచితే ఎనామెల్ కాలిపోయి కింద రాగికి సోల్డర్ పడుతుంది. ఆ పొగ పీల్చకూడదు, కిటికీ తెరుచుకుని చెయ్యాలి. ఫ్యాన్ మోటార్ల రీవైండింగ్‌కి వాడేది ఎక్కువగా వేడికి ఆగే ఎనామెల్. దాన్ని బ్లేడుతో జాగ్రత్తగా గీకాలి, ఇంత సన్న తీగని గీకితే తెగుతుంది. అందుకే కొనేటప్పుడే సోల్డర్ పట్టే ఎనామెల్ కావాలని అడుగు.

హోస్ట్: పాత ఇయర్‌ఫోన్ వైరు కోసి వాడొచ్చంటారు కొందరు.

బాబాయ్: మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ లోపల ప్రతి పోగుకీ ఎనామెల్ పూత, మధ్యలో నూలు లాంటి దారాలు. సోల్డర్ సరిగ్గా పట్టదు. అన్ని పోగులకీ పట్టిందో లేదో కంటికి తెలీదు. నేను వాడను.

హోస్ట్: డీకోడర్‌కి వచ్చే వైర్ల రంగులకి అర్థం ఉంటుంది కదా. ఒక్కసారి చెప్పండి.

బాబాయ్: అమెరికాలో మోడల్ రైల్వే వాళ్ల సంఘం ఎన్ఎంఆర్ఏ ఉంది, డీసీసీ ప్రమాణం వాళ్లదే. జర్మనీలో లెంజ్ కంపెనీ తయారుచేసిన పద్ధతి మీద దాన్ని కట్టారు. ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా. నారింజ, బూడిద రంగులు మోటారుకి. తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం అన్ని లైట్లకీ ఉమ్మడి పాజిటివ్. ఆకుపచ్చ, ఊదా అదనపు పనులకి. నువ్వు వైరు పొడిగించినా అదే రంగు వెయ్యి. ఏడాది తర్వాత బాడీ విప్పినప్పుడు అన్నీ నల్ల వైర్లే కనిపిస్తే టెన్షన్ మామూలుగా ఉండదు.

హోస్ట్: సోల్డరింగ్‌లో ఎక్కువమంది దెబ్బతినేది ఎక్కడ?

బాబాయ్: అతుకు పక్కన. అతుకు బాగానే ఉంటుంది, దాని నుంచి ఒక మిల్లీమీటరు దూరంలో వైరు తెగుతుంది. ఎందుకంటే సోల్డర్ కరిగినప్పుడు పోగుల మధ్యలోంచి తొడుగు లోపలికి పాకుతుంది. అది గట్టిపడ్డాక అక్కడి దాకా వైరు సింగిల్ తీగతో సమానం, ఆ తర్వాత మెత్తటి పోగులు. వంగినప్పుడల్లా భారమంతా ఆ సరిహద్దు మీదే పడుతుంది. అందుకని సోల్డర్ తక్కువ వెయ్యి, అర మిల్లీమీటరు సోల్డర్ తీగ వాడు, ఐరన్‌ని ఒకటి రెండు సెకన్లకి మించి ఉంచొద్దు. ఫ్లక్స్, అంటే సోల్డర్ బాగా పట్టడానికి రాసేది, రోజిన్‌దే కావాలి. యాసిడ్ పేస్టు ఇంత సన్న రాగిని నెలల్లో తినేస్తుంది. అతుకయ్యాక కొంచెం అవతల వైరుని ఒక చుక్క జిగురుతోనో, పసుపు రంగు కాప్టన్ టేపు ముక్కతోనో ఫ్రేముకి పట్టించు. అప్పుడు వంగేది మెత్తటి చోటే, అతుకు దగ్గర కాదు.

హోస్ట్: కరెంటు భయం లేదన్నారు. షార్టయితే?

బాబాయ్: అప్పుడు భయపడాలి. మామూలుగా 0.2 ఆంపియర్ తీసుకునే ఇంజిన్ షార్టయితే, బూస్టర్, అంటే పట్టాలకి కరెంటు ఇచ్చే పెట్టె, ఇవ్వగలిగినంత ఇస్తుంది. 5 ఆంపియర్ల బూస్టర్ అయితే ఆ 5 ఆంపియర్లూ సన్న వైరులోంచి పోతాయి. తొడుగు కరుగుతుంది, బాడీ ప్లాస్టిక్ కూడా. కాబట్టి బూస్టర్ వెంటనే కట్ అవ్వాలి. లేఅవుట్‌లో, అంటే బల్ల మీద పరిచిన పట్టాలన్నిటిలో, ప్రతిచోటా రెండు పట్టాల మీద అడ్డంగా ఒక నాణెం పెట్టి చూడు. ఎక్కడ పెట్టినా టక్కున ఆగాలి. ఆగకపోతే పట్టాల కింది మెయిన్ వైరు సన్నగా ఉందని అర్థం. అక్కడ లావు వైరే ఉండాలి, మనింట్లో ప్లగ్గులకి వేసే 1.5 గానీ 2.5 స్క్వేర్ ఎంఎం గానీ. ఇంజిన్లో పొదుపు చేసినట్టు బల్ల కింద చెయ్యకూడదు.

హోస్ట్: అన్నీ అతికించాం. బాడీ మూసేయొచ్చా?

బాబాయ్: ఆగు, మల్టీమీటరు తీసి, రెండు చోట్లు కలిసి ఉంటే మోగే సెట్టింగులో పెట్టు. పాత ఎన్ స్కేల్ ఇంజిన్లలో లోహపు దిమ్మ రెండు సగాలుగా ఉంటుంది, ఒక్కో సగం ఒక్కో పట్టాకి కలిసి ఉంటుంది. మోటారు బ్రష్‌లు, అంటే మోటారుకి కరెంటు అందించే ముక్కలు, ఆ దిమ్మకి తగిలే ఉంటాయి. డీకోడర్ పెట్టాక అవి తగలకూడదు. తగిలితే మొదటిసారి పట్టాల మీద పెట్టగానే డీకోడర్ పోతుంది. అందుకే డీకోడర్ కలపకముందే కొలవాలి. ఎరుపు నుంచి నారింజకి, ఎరుపు నుంచి బూడిదకి, నలుపు నుంచి ఆ రెండింటికీ మీటరు మోగకూడదు. ఎరుపుకీ నలుపుకీ మధ్య కూడా మోగకూడదు. కొలిచేటప్పుడు ట్రక్కుల్ని రెండు పక్కలా తిప్పుతూ కొలువు, కొన్ని షార్టులు తిరిగినప్పుడే వస్తాయి. ఆ తర్వాత డీకోడర్ కలిపి, మొదట ప్రోగ్రామింగ్ ట్రాక్ మీదే, అంటే డీకోడర్ సెట్టింగుల కోసం విడిగా ఉంచే పట్టా ముక్క మీదే, పెట్టు. అక్కడ వచ్చే కరెంటు తక్కువ కాబట్టి ఏదైనా తేడా ఉన్నా డీకోడర్ బతుకుతుంది. అక్కడ డీకోడర్ అడ్రస్, అంటే ఆ ఇంజిన్‌కి ఇచ్చిన నంబరు, చదవగలిగితే మెయిన్ ట్రాక్ మీద, బాడీ లేకుండా, నీ దగ్గరున్న అతి చిన్న వంపులో రెండు వైపులా నడిపించు. అక్కడా ఆగకుండా పోతే అప్పుడు బాడీ మూసెయ్.