రోటోరువాలో ముక్కు మూసుకున్నవాడి మాట

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నా పరిచయానికే పది నిమిషాలు వెచ్చించారు కనుక, నా వంతు మర్యాద వాక్యాలను తగ్గించుకుంటున్నాను. సెలవులకు న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి రోటోరువా వెళ్లే కుటుంబాలకు అక్కడ చూడదగినవి చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను, కాని అంతకు ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

మొదటిసారి ఆ ఊళ్లో కారు దిగగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమన్నది. అక్కడి ఫకరెవరెవ గ్రామంలో, ఆ దేశపు మూలవాసులైన మావోరి జాతికి చెందిన ఒక పెద్దావిడ, సలసల కాగే నీటిగుండంలోంచి మొక్కజొన్న పొత్తుల సంచిని పైకి లాగి, ఒక పొత్తుకు వెన్న రాసి నాకు అందించింది. నేను ఒక చేత్తో డబ్బులిచ్చాను, రెండో చేత్తో చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉన్నాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. భోజనానికి పిలిచినవారి వంటింట్లో నిలబడి ముక్కు మూసుకున్నానన్న సంగతి నాకు తిరుగు ప్రయాణంలో గాని తట్టలేదు.

ఆ వాసన నేలలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుది. దాదాపు 2,40,000 సంవత్సరాల క్రితం ఒక మహా విస్ఫోటనంలో భూగర్భంలోని శిలాద్రవం పైకి ఎగజిమ్మగా, దాని మీది నేల కుంగి ఏర్పడిన పళ్లెంలో నిలిచిన నీరే 80 చదరపు కిలోమీటర్ల రోటోరువా సరస్సు. లోపలి వేడి ఇంకా చల్లారలేదు. ఇంకిన వాననీరు ఆ వేడికి కాగి, బుగ్గలుగా, బురదగుండాలుగా, ఆవిరిగా పైకి వస్తుంది. 1886 జూన్ 10 తెల్లవారుజామున అక్కడికి దగ్గరలోని తరవెరా పర్వతం బద్దలై వందకు పైగా ప్రాణాలను బలిగొన్నది. లోకమంతా చూడటానికి వచ్చిన గులాబీ, తెలుపు సోపానాలు, అంటే వేడినీటి ఖనిజాలు పేరుకుని మెట్లు మెట్లుగా ఏర్పడిన రాతి దిబ్బలు, మాయమయ్యాయి. తె వైరోవా గ్రామం బూడిదలో పూడిపోతుంటే, యాత్రికులకు దారి చూపే సోఫియా హినెరంగి ఇంట్లో 60 మందికి పైగా తలదాచుకుని బతికారు. నిలువ నీడ లేని ఆ గ్రామపు మావోరి తెగవారికి చోటిచ్చిన ఊళ్లలో ఫకరెవరెవ ఒకటి. నేను ముక్కు మూసుకున్నది ఆ ఊళ్లోనే.

దగ్గరలోనే వేడినీటి బుగ్గలున్న వై-ఓ-టపు, వైమంగు లోయల గురించి కూడా చెప్పాలని రాసుకొచ్చాను గాని, ఆ కాగితం పక్కన పెడుతున్నాను. మీలో పక్క పొలంలో బోరు పడగానే మన బోరు ఎండిపోవడం చూసినవారు ఎందరున్నారు? చేతులెత్తండి. చూశారా, సగం సభ! రోటోరువాలోనూ అదే జరిగింది. ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి, స్నానాలకు, హోటళ్లకు ఊరంతా బోర్లు వేసి వేడినీటిని తోడేయగా, బుగ్గలు ఒక్కొక్కటే నీరసించాయి. దాదాపు ఎడతెరిపి లేకుండా చిమ్ముతూ వచ్చిన పాపకురా బుగ్గ 1979లో ఆగిపోయింది. చివరకు ప్రభుత్వం, పోహుటు అనే పెద్ద బుగ్గకు 1.5 కిలోమీటర్ల లోపు ఉన్న బోర్లన్నీ మూసేయాలని 1986లో నిర్ణయించింది. చలికాలంలో ఉచితంగా వచ్చే వెచ్చదనాన్ని వదులుకోమంటే ఎవరు ఊరుకుంటారు? ఊళ్లో పెద్ద గొడవే అయింది. అయినా బోర్లు మూశారు. భూగర్భంలో నీటి ఒత్తిడి మెల్లగా పెరిగింది, పోహుటు కోలుకుంది. 2015లో, అంటే 36 ఏళ్ల తరువాత, పాపకురా మళ్లీ చిమ్మింది. మూసిన బోరు వల్ల తిరిగి లేచిన నీటిని నేను మన ఊళ్లలో చూడలేదు, అక్కడ చూశాను.

వై-ఓ-టపులో రోజూ ఉదయం 10:15కు ఒక బుగ్గలో సబ్బు వేసి నీరు లేపుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు, నాకు అభ్యంతరం లేదు. పోహుటుకు మాత్రం అలా గడియారం పట్టుకుని నిలబడేవారు లేరు. అది 30 మీటర్ల దాకా లేస్తుంది, తనకు తోచినప్పుడు లేస్తుంది, "ఇంకెంతసేపు?" అని పిల్లలు గుంజుతున్నా కాసేపు ఆగండి. కంచె దాటి మాత్రం అడుగు వేయకండి, అక్కడ నేల పెంకు పలచన.

పోయిన ఏడాది మళ్లీ వెళ్లాను. ఆ పెద్దావిడ కనిపించలేదు, మరో చిన్నావిడ పొత్తులు తీస్తోంది. రెండు కొనుక్కున్నాను. మీరూ కొనుక్కోండి, చేతిరుమాలు కూడా తప్పక తీసుకెళ్లండి. ఆ పొత్తు కొరికితే వెన్న మోచేతి దాకా కారుతుంది.