పాత డెస్క్‌టాప్‌కి గ్రాఫిక్స్ కార్డు: కొనే ముందు ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) స్టిక్కరు చూడండి

నమస్కారం అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ కార్డు నేను కొన్నది కాదు. వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక షాపువాళ్లు వాడి చూసి చెప్పమని ఇచ్చారు. డబ్బులేమీ తీసుకోలేదు, ఈ వీడియో వాళ్లకి ముందుగా చూపించనూ లేదు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కార్డు. క్లాక్ స్పీడూ, బెంచ్‌మార్కులూ మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి పోను.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒక్కటే. ఇదిగో, ఈ పై అంచు చూడండి. పవర్ పిన్నులు లేవు, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు తగిలించక్కర్లేదు. మదర్‌బోర్డు స్లాటు గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది, ఈ కార్డుకి 70 చాలు. స్లాటులో పెట్టి స్క్రూ బిగిస్తే అయిపోయింది.

ఇదేం పెద్ద విషయం అనిపిస్తే, ఒకసారి పాత సిస్టమ్ పక్క డోరు తీసి చూడండి. ఆఫీసుల్లో వాడేసి అమ్మిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు మన ఊళ్లో ఎంతమంది ఇళ్లలో ఉన్నాయో! ఎక్కువగా ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్ ఉన్నవి. వాటిలో చాలావాటి ఎస్‌ఎంపీఎస్‌కి గ్రాఫిక్స్ కార్డు కోసం 6 పిన్నుల వైరే ఉండదు. మారుద్దామంటే దాని సైజు వేరు, బయట కొన్నది పట్టదు. ఇక అసెంబుల్ చేయించిన వాటిలో కేసుతో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్సే ఉంటుంది. దాని మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ అంకె వదిలేయండి. స్టిక్కరులో 12 వోల్టుల గడి వెతకండి. అక్కడ 16 ఆంపియర్లని ఉందనుకోండి, పన్నెండు పదహార్లు 192. ప్రాసెసర్‌కీ, కార్డుకీ, ఫ్యాన్లకీ అన్నిటికీ కలిపి దొరికేది ఆ 192 వాట్లే. ఐ5 4570 ఒక్కటే 84 వాట్ల ప్రాసెసర్. ఇక ఇందులోకి 185 వాట్ల ఏఎండీ కార్డు ఆర్‌ఎక్స్ 580 తెచ్చి పెడితే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఆర్‌ఎక్స్ 580 పేరు ఎందుకు తీశానంటే, సెకండ్‌హ్యాండ్‌లో అందరూ మొదట చూపించేది అదే. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ సంపాదించే మైనింగ్ ఆగిపోయాక ఇలాంటి కార్డులు మార్కెట్లోకి బాగా వచ్చాయి. మా తమ్ముడికి అలాగే ఒకటి అంటగట్టారు. పవర్ వైరు లేదంటే హార్డ్‌డిస్క్ వైరు నుంచి మార్చే కన్వర్టర్ తగిలించి ఇచ్చారు. గేమ్ మొదలుపెట్టిన కాసేపటికి సిస్టమ్ ఆగిపోయేది. చివరికి ఆ ప్లగ్గు ప్లాస్టిక్ కరిగి వాసన వచ్చింది. ఇంట్లో చిన్నపిల్లలున్నారండి. అందుకే ఈ వైర్ల సంగతి మాట్లాడేటప్పుడు నాకు అంత కోపం. కన్వర్టర్ పెట్టి అమ్మేవాళ్ల దగ్గర ఏ కార్డూ కొనకండి.

ఇంకోటి, మన ఊరి గాలి. మాది సముద్రం దగ్గరి ఎంవీపీ కాలనీ, కేసు వెనక స్క్రూలన్నీ తుప్పే. పెద్ద కార్డు పెడితే వేడి పోవడానికి ఫ్యాన్లు పెంచాలి, అవి ఆ ఉప్పు గాలినీ దుమ్మునీ ఇంకా లోపలికి లాగుతాయి. ఈ 70 వాట్ల కార్డుకి నా పాత కేసులో వెనక ఉన్న ఒక్క ఫ్యానే సరిపోయింది. పెట్టే ముందు మాత్రం స్లాటులో దుమ్ము బ్రష్‌తో దులపండి. పాత కార్డే మళ్లీ పెడుతుంటే దాని అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కరెంటు పోయినప్పుడూ ఇబ్బంది లేదు, మామూలు 600 వీఏ యూపీఎస్ మీదే గేమ్ సేవ్ చేసుకుని ఆపుకునే టైమ్ దొరికింది.

వైరు అక్కర్లేని కార్డులు ఇంకా ఉన్నాయిగా అంటారు. జీటీఎక్స్ 1050 టీఐ ఉంది, నేను చాలాకాలం ప్రేమగా వాడిన కార్డు. కానీ అది 2016 నాటిది, 2025 అక్టోబరుతో దానికి కొత్త గేమ్ డ్రైవర్లు ఆగిపోయాయి. ఇకపై సెక్యూరిటీ అప్‌డేట్లే. పైగా ఆన్‌లైన్‌లో 1050 టీఐ పేరుతో అంతకన్నా పాత చిప్ ఉన్న నకిలీ కార్డులు అమ్ముతున్నారు. కొంటే, లోపల నిజంగా ఏ చిప్ ఉందో చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌తో చూసుకోండి.

ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 అయితే 53 వాట్లే, కానీ స్లాటులో నాలుగు లేన్లే, అంటే డేటా వెళ్లే నాలుగు దారులే వాడుతుంది. ఈ నాలుగో తరం ఐ5లకి వాడే పాత హెచ్81 మదర్‌బోర్డుల్లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 స్లాటు కదా, నాలుగు లేన్లకి సెకనుకు సుమారు 2 జీబీ డేటానే కదులుతుంది. కార్డులో ఉన్నది 4 జీబీ మెమరీ. అది నిండాక మిగతాదంతా ర్యామ్ నుంచి ఆ ఇరుకు దారిలోనే రావాలి. గేమ్ తడబడేది అక్కడే. 3050కి ఎనిమిది లేన్లు, 6 జీబీ మెమరీ. ఇంటెల్ ఆర్క్ కార్డులకైతే రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి వాడుకునే ఏర్పాటు) కావాలి, నాలుగో తరం బోర్డుల్లో మామూలుగా అది ఉండదు, కాబట్టి వాటికి ఆర్క్ వద్దు.

యూట్యూబ్ ఎక్కువ చూసేవాళ్లకి ఒక మాట. యూట్యూబ్ వాడే ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌ని ఈ కార్డు ప్రాసెసర్ మీద భారం వేయకుండా తనే డీకోడ్ చేస్తుంది, అంటే విప్పి చూపిస్తుంది. పాత ఐ5కి అది రాదు, 6400కీ రాదు. 4కే వీడియో పెడితే ఇదివరకు ప్రాసెసర్ మొత్తం నిండిపోయేది, ఇప్పుడు పక్కన ఎడిటింగ్ కూడా చేసుకుంటున్నాను.

చిరాకు పెట్టింది పేరు. 2022లో వచ్చిన 8 జీబీ కార్డు కూడా ఆర్‌టీఎక్స్ 3050యే. దానికి 2560 కోర్లు, 130 వాట్లు, విడిగా పవర్ వైరు. దీనికి 2304 కోర్లు, మెమరీ దారి కూడా 128 బిట్ నుంచి 96కి తగ్గింది. ఇంత తేడా ఉన్నప్పుడు వేరే పేరు పెట్టాలి కదండీ! అడగకుండా బిల్లు కట్టేవాళ్లు కచ్చితంగా నష్టపోతారు. బిల్లు మీద 6 జీబీయా, 8 జీబీయా రాయించుకోండి.

మంచి ఎస్‌ఎంపీఎస్, 8 పిన్నుల వైరు ఉన్నవాళ్లకి ఈ కార్డు నేను చెప్పను, అంతకన్నా పెద్దది తీసుకోండి. వైరు లేని సిస్టమ్‌కి మాత్రం ఇదే. గాజువాకలో మా అక్కవాళ్ల డెస్క్‌టాప్‌కి ఇదే కొంటున్నాను.

చిన్న కేసు ఉన్నవాళ్లు సగం ఎత్తు మోడల్ అడగండి, పొడవు కొలుచుకుని వెళ్లండి. కొన్ని పాత బోర్డుల్లో బయోస్ (బోర్డుని మొదలుపెట్టే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే గానీ కొత్త కార్డుకి డిస్‌ప్లే రాదు, కాబట్టి వీలైతే సీపీయూ పెట్టెని షాపుకే తీసుకెళ్లి పెట్టించి చూశాకే డబ్బు కట్టండి. పాత మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే, కార్డుకి ఆ పోర్టు లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కూడా అప్పుడే తీసుకోండి.