147 నుంచి 97కి: బకింగ్‌హమ్‌షైర్‌లో వార్డుల గీతలు ఎవరి కోసం?

(ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్ళ కోసం ఆదివారం సాయంత్రం జరిపిన స్టూడియో చర్చ పాఠం ఇది. పాల్గొన్నవాళ్ళ పేర్లు వాళ్ళు కోరినట్టే ఇవ్వలేదు. ఒకరి మాటను ఒకరు తెంచిన చోట్ల దిద్దకుండా అలాగే ఉంచాం. కౌన్సిల్ ట్యాక్స్ కట్టే ప్రతి ఇంటికీ సంబంధించిన విషయం ఇది. ఓపిగ్గా చదవండి.)

యాంకర్: అందరికీ నమస్కారం. సర్రేలో మన జిల్లా పరిషత్తు లాంటి కౌంటీ కౌన్సిల్‌నీ, దాని కింద ఉన్న బరో, డిస్ట్రిక్ట్ అనే 11 చిన్న కౌన్సిళ్ళనీ తీసేసి తూర్పు సర్రే, పశ్చిమ సర్రే అని రెండే కౌన్సిళ్ళు పెడుతున్నారు. 2026 మే ఎన్నికలు ఆ రెండింటికే. ఈ దారిలో వాళ్ళకంటే ముందు నడిచింది బకింగ్‌హమ్‌షైర్. అక్కడ 147 మంది కౌన్సిలర్లు 2025 మే ఎన్నికలకు 97 అయ్యారు. వార్డుల గీతలన్నీ మారాయి. ఎవరి లాభం కోసం మారాయి? ఈ రోజు మన ప్రశ్న అదే. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. సర్, మీరు 22 ఏళ్ళుగా అక్కడ పార్టీ పని చేస్తున్నారు...

కార్యకర్త: లెక్క 147 దగ్గర కాదండీ, 236 దగ్గర మొదలుపెట్టాలి. 2020కి ముందు కౌంటీలో 49 మంది. దాని కింది నాలుగు డిస్ట్రిక్ట్‌లు చూస్తే, ఐల్స్‌బరీ వేల్‌లో 59, చిల్టర్న్‌లో 40, సౌత్ బక్స్‌లో 28, వికాంలో 60. కూడండి, 236. ఐదు కౌన్సిళ్ళు కలిపి ఒకటి చేసి 147 అన్నారు. ఆ తర్వాత 97 అన్నారు. ఐదేళ్ళలో సగానికి పైగా పోయారు! ఇళ్ళు తగ్గాయా? జనం తగ్గారా? 2021 జనాభా లెక్కల్లోనే ఐదున్నర లక్షల మంది ఉన్నారు.

లెక్చరర్: ఒక చిన్న సవరణ. 236 అంటే సీట్లు, మనుషులు కాదు. కౌంటీలోనూ డిస్ట్రిక్ట్‌లోనూ ఒకే మనిషి కూర్చున్న సందర్భాలు చాలా ఉన్నాయి. పైగా 147 అనేది ఎవరూ కూర్చుని ఆలోచించి తేల్చిన సంఖ్య కాదు. కొత్త కౌన్సిల్‌కి వార్డులు గీసే వ్యవధి లేక పాత కౌంటీ డివిజన్లు, అంటే కౌంటీ ఎన్నికల వార్డులు, 49 తీసుకుని ఒక్కోదానికి ముగ్గురిని పెట్టారు. 49 మూళ్ళు 147. సర్రేలో ఇప్పుడు చేస్తున్నదీ అదే. 81 డివిజన్లు, ఒక్కోదానికి ఇద్దరు. అసలు సమీక్ష తర్వాత...

కార్యకర్త: అదే నేనూ అంటున్నది! తాత్కాలికం అన్నారు, తర్వాత కోశారు.

యాంకర్: కోసింది ఎవరో చెప్పండి సర్. పాలక పార్టీయా?

లెక్చరర్: కాదు. లోకల్ గవర్నమెంట్ బౌండరీ కమిషన్. 2010లో ఏర్పడింది. ప్రభుత్వం కింద పని చెయ్యదు, పార్లమెంట్‌కి జవాబు చెబుతుంది. మొదట ఎంతమంది కౌన్సిలర్లు కావాలో తేలుస్తుంది. తర్వాత ముసాయిదా మ్యాపు పెట్టి జనం అభిప్రాయాలు తీసుకుంటుంది, ఆపైన తుది సిఫారసు ఇస్తుంది. చూడాల్సినవి చట్టంలోనే మూడున్నాయి. ఒక్కో కౌన్సిలర్‌కి వచ్చే ఓటర్లు ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకటిగా బతికే ఊళ్ళు విడిపోకూడదు. పాలన సజావుగా సాగాలి. ఏ పార్టీకి ఎన్ని సీట్లు వస్తాయన్నది ఆ మూడింట్లో లేదు.

యాంకర్: చట్టంలో లేకపోవచ్చు సర్, లోపల ఉండొచ్చు కదా? లాభం ఎవరికి?

లెక్చరర్: ఫలితాలు చూడండి. 2021లో అక్కడి పాలక పార్టీ కన్జర్వేటివ్‌లకు 147లో 113 వచ్చాయి. 2025లో 97లో 48. మెజారిటీకి ఒక్క సీటు తక్కువ. పాలక పార్టీ తన కోసం గీయించుకున్న గీతలైతే...

కార్యకర్త: గురి తప్పి ఉండొచ్చు తమ్ముడూ!

(నవ్వులు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.)

యాంకర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. మేడమ్ ఇంకా నోరు విప్పలేదు. మీరు నర్సు, పక్క కౌంటీలో ఉంటున్నారు. చెప్పండి.

నర్సు: ఊరి పేరు వద్దులెండి. మా వీధి మధ్యలోంచి వార్డు గీత పోతుంది. నా ఇల్లు ఈ పక్క, చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు ఉండే పసుపు పచ్చ డబ్బా ఆ పక్క మూల మీద. మొన్న జనవరిలో అది ఖాళీ. అడుగున తడిసి గట్టిపడ్డ ఉప్పు ఇంత గడ్డ, దాని పక్కన ఎవరిదో చేతి తొడుగు. అంతే. పొద్దున్న ఆరింటికి డ్యూటీకి పోతూ జారి మోకాలి మీద పడ్డాను. మా కౌన్సిలర్‌కి మెయిల్ పెడితే, ఆ డబ్బా పక్క వార్డులోది, వాళ్ళకి రాయండి అన్నారు. వాళ్ళకి రాస్తే, మీరు మా వార్డు ఓటరు కాదు కదా అన్నారు. రోడ్డు ఒకటే సర్. మంచు రెండు పక్కలా ఒకలాగే పడుతుంది.

కార్యకర్త: చూశారా! చెల్లెమ్మ మోకాలు చెబుతోంది అసలు సంగతి. ఇది లెక్చర్లతో తేలేది కాదు.

లెక్చరర్: మేడమ్ బాధ నిజం. కానీ అది కౌన్సిలర్ల సంఖ్య తగ్గడం వల్ల రాలేదు. ఎక్కడో ఒక చోట గీత పడక తప్పదు. సగటుకి పదిశాతం అటూ ఇటూ దాటకుండా ఓటర్లు సరిపోవాలంటే కొన్ని చోట్ల వీధి మధ్యలోంచి పోతుంది. ముప్పై శాతానికి పైగా వార్డుల్లో ఆ పదిశాతం దాటిందంటే కమిషన్ మళ్ళీ సమీక్షకు దిగుతుంది. పైగా వాళ్ళు ఇవాళ్టి ఓటర్లతో సరిపెట్టరు, ఐదేళ్ళ తర్వాత ఎంతమంది ఉంటారో కూడా అంచనా వేస్తారు.

కార్యకర్త: అంచనా! ఐల్స్‌బరీ చుట్టూ కొత్త కాలనీలు ఎట్లా లేస్తున్నాయో చూడండి. బిల్డర్ రెండేళ్ళు ఆలస్యం చేస్తే మీ అంచనా ఏమవుతుంది? కట్టని ఇంటికి ఓటు, ఉన్న ఊరికి కోత. నేను అడిగేది ఒక్కటే. మా హైదరాబాద్‌లో 2025 డిసెంబర్‌లో ఏం చేశారు? చుట్టుపక్కల 27 పురపాలక సంస్థల్ని కలిపి 150 వార్డుల్ని 300 చేశారు. ఊరు పెరిగితే వార్డులు పెరిగాయి. ఇక్కడ కౌన్సిళ్ళు కలిసినప్పుడల్లా తగ్గుతున్నాయి. ఏది ప్రజాస్వామ్యం?

లెక్చరర్: పోలిక సరిగ్గా లేదండీ. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 74 లక్షల పైచిలుకు ఓటర్లకు 150 మంది కార్పొరేటర్లు. అంటే ఒక్కొక్కరికి దాదాపు 50 వేలు. బకింగ్‌హమ్‌షైర్‌లో 97కి తగ్గిన తర్వాత కూడా ఒక్కో కౌన్సిలర్‌కి నాలుగు వేల పైన అంతే. పదో వంతు కూడా లేదు.

కార్యకర్త: హైదరాబాద్‌లో కార్పొరేటర్ ఇంటి ముందుకి పొద్దున్నే వెళ్ళి నిలబడొచ్చు. ఇక్కడ? అపాయింట్‌మెంట్! డెలిమిటేషన్ అంటేనే దక్షిణాదివాళ్ళకి గుండె దడ. లోక్‌సభ సీట్లలోనూ మనకి...

యాంకర్: సర్, లోక్‌సభ జోలికి పోతే రాత్రయిపోతుంది.

కార్యకర్త: పోనివ్వండి, కానీ మూలం ఒకటే. గీత గీసేవాడికి మనం కనిపించం.

యాంకర్: అక్కడికే వస్తున్నాను. మనవాళ్ళ ఓట్లు చీలిపోవాలని గీశారా? ఆసియా వాళ్ళు ఎక్కువున్న వీధుల్ని రెండు ముక్కలు చేశారా?

లెక్చరర్: అలా చేశారనడానికి నాకు ఆధారం ఏదీ కనబడలేదు. చూడకుండా అనలేను.

యాంకర్: చెయ్యలేదని కూడా అనలేరు కదా?

లెక్చరర్: అండీ, అది ప్రశ్న కాదు. ఈ దేశంలో నిజంగా జరిగింది చెబుతాను. 1980ల్లో లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్‌లో షర్లీ పోర్టర్ నాయకురాలిగా ఉన్నప్పుడు, గెలుపోటములు అటూ ఇటూగా ఉన్న ఎనిమిది వార్డుల్లో కౌన్సిల్ అద్దెకిచ్చే ఇళ్ళు అమ్మేసి, తమకి ఓటేస్తారనుకున్నవాళ్ళను అక్కడికి తెచ్చే పని పెట్టుకున్నారు. గీతలు జరపలేదు, మనుషుల్నే జరిపారు. అది చట్టవిరుద్ధమని 2001లో, అప్పటికి అత్యున్నత కోర్టు కూడా అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది. అంటే మోసం జరిగితే పట్టుకునే దారి ఉంది.

యాంకర్: అంటే జరుగుతుందన్నమాట! ప్రేక్షకులు గమనించాలి.

లెక్చరర్: నేను అన్నది అది కాదు...

కార్యకర్త: అన్నారు, అన్నారు. అందరం విన్నాం. (బల్ల మీద చెయ్యి వేసి) బకింగ్‌హమ్‌షైర్‌నే ఎన్నిసార్లు కోశారో వినండి. స్లౌ 1974 దాకా మాదే, బెర్క్‌షైర్‌కి ఇచ్చారు. మిల్టన్ కీన్స్ 1997లో విడిపోయింది. ఉన్న కొద్ది మందికీ ఇప్పుడు కౌన్సిలర్లు తక్కువ. హై వికాం తీసుకోండి. అక్కడ ఏటా మేలో మేయర్‌ని అందరి ముందూ త్రాసులో కూర్చోబెట్టి తూస్తారు. నేను కళ్ళారా చూశాను. ఇత్తడి త్రాసు, ఎర్ర అంగీ వేసుకున్న మేయర్. నిరుటి కంటే బరువు పెరిగితే 'ఇంకా కొంచెం' అని కేకేస్తారు, జనం గోల చేస్తారు. మన తులాభారంలా ఉంటుంది. కాకపోతే ఇక్కడ బెల్లం ఇవ్వరు, లెక్క అడుగుతారు. జనం సొమ్ముతో లావెక్కావా అని! నాయకుడు చేతికి అందే దూరంలో ఉండాలన్నది ఆ ఊరి సంప్రదాయం. ఇప్పుడు కౌన్సిల్ ఐల్స్‌బరీలో కూర్చుంటుంది.

నర్సు: ఆ తూయడం చాలా బాగుంది సర్, నాకు తెలియదు. నేను ఇంకో మాట చెప్పాలి. అందాక అడుగుతున్నాను, ఆ సమానం అనే లెక్కలో ఎవర్ని లెక్కపెడతారు? జనాన్నా, ఓటర్లనా?

లెక్చరర్: చాలా ముఖ్యమైన ప్రశ్న. ఓటరు జాబితాలో పేరున్నవాళ్ళనే.

నర్సు: అదీ సంగతి. నేను మొదట దిగిన ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్ళం, అందరం కేరళ, ఆంధ్రా నర్సులం. ఏటా కౌన్సిల్ నుంచి ఒక కవరు వచ్చేది, ఇంట్లో ఎవరెవరున్నారని. అది పిజ్జా కాగితాలతో కలిసి గుమ్మం దగ్గర బూట్ల అలమర మీద పడుండేది. మనది ఇండియా పాస్‌పోర్టు కదా, మనకి ఓటెక్కడిది అనుకున్నాం. నాలుగేళ్ళ తర్వాత ఆసుపత్రి వార్డులో ఒక సిస్టర్ చెబితే తెలిసింది, ఉందని. ఆరుగురిలో ఇద్దరమే నమోదయ్యాం. అంటే ఆ మ్యాపు గీసినవాళ్ళకి మా ఇంట్లో ఇద్దరే మనుషులు. ట్యాక్స్ మాత్రం ఆరుగురం కట్టాం.

లెక్చరర్: సరిగ్గా చెప్పారు. భారత పౌరులు కామన్‌వెల్త్ పౌరులు. చట్టబద్ధమైన వీసా మీద ఇక్కడ ఉంటూ 18 నిండితే, విద్యార్థి అయినా సరే, కౌన్సిల్‌కీ పార్లమెంట్‌కీ ఓటెయ్యొచ్చు. మన పిల్లలు వేలమంది నమోదు కాకుండా ఉన్న చోట...

యాంకర్: అంటే మనవాళ్ళని కావాలనే వదిలేశారా?

నర్సు: లేదండీ, మేమే కవరు విప్పలేదు. నేను చెప్పేది అదే.

కార్యకర్త: విప్పలేదంటే చెప్పేవాడు లేక. చెప్పాల్సింది ఎవరు? కౌన్సిలర్. ఆయన్ని తీసేశారు. తిరిగి తిరిగి నా మాటకే వచ్చారా లేదా? 236, 147, 97! కౌన్సిలర్ ఉంటే తలుపు తడతాడు...

లెక్చరర్: నాలుగు వేల మంది ఓటర్ల తలుపులు ఎవరూ తట్టలేరండీ. అందుకే మన పంచాయతీల్లాంటి పారిష్ కౌన్సిళ్ళు ఉన్నాయి. నిజమైన లోటు అవి లేని పట్టణాల్లో. అసలు ఈ చర్చలో మనం మాట్లాడాల్సింది...

కార్యకర్త: పారిష్ కౌన్సిల్‌కి గడ్డి కోయించే అధికారం ఉంది, రోడ్డు గుంట పూడ్చే అధికారం లేదు!

లెక్చరర్: నన్ను ముగించనివ్వండి...

యాంకర్: సమయం అయిపోతోంది. చివరిగా ఒక్క మాటలో, గీతలు ఎవరి లాభం కోసం?

కార్యకర్త: జనం కోసం మాత్రం కాదు.

లెక్చరర్: ఒక్క మాటలో చెప్పేది కాదిది. ముసాయిదా మ్యాపు మీద అభిప్రాయం రాయడానికి ఎవరికైనా హక్కుంది. ఊరి బడి, గుడి, బస్సు స్టాపు ఏ పక్కకి వస్తాయో రాసి పంపితే గీత మారిన సందర్భాలు...

కార్యకర్త: రాస్తే మారుతుందా? చెల్లెమ్మ ఉప్పు డబ్బా గురించి రెండు మెయిళ్ళు రాసింది. ఏం మారింది?

యాంకర్: బలమైన ప్రశ్న. మేడమ్, పది సెకన్లు.

నర్సు: డబ్బాలో ఉప్పు ఇంకా పొయ్యలేదు. కానీ మా పాత ఇంట్లో మిగతా నలుగురికీ నిన్ననే ఫోన్లు చేశాను. ఒకమ్మాయి నా ముందే ఆన్‌లైన్‌లో...

యాంకర్: క్షమించాలి మేడమ్, సమయం లేదు. 236 నుంచి 97కి, సగానికి పైగా కోత, జవాబు చెప్పేవారెవరు? సర్ అడిగిన ఈ ప్రశ్నతోనే ఈ రోజుకి సెలవు. నమస్కారం.

(సంగీతం మొదలైంది. కార్యకర్త లెక్చరర్ వైపు తిరిగి ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.)